నీరు రాసిన రాత: నల్లగొండ గారపళ్ల కథ

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఆ తల్లి, పన్నెండేళ్ల కూతురిని కుర్చీలో కూర్చోబెట్టి అన్న మొదటి మాట ఇది: "ఎంత చెప్పినా పళ్లు సరిగా తోముకోదు సార్. చూడండి, ఎలా గార పట్టాయో." ఆ పిల్ల నోరు తెరిచే ముందే చేయి అడ్డం పెట్టుకుంది. పైన ముందుపళ్లు రెండింటి మీదా తేనె రంగు, అక్కడక్కడ ముదురు గోధుమ రంగు. చిగుళ్లు మాత్రం లేతగా, ఎక్కడా పాచి లేకుండా ఉన్నాయి. శ్రద్ధగా తోముకునే పిల్ల నోరు అది. దక్షిణ తెలంగాణలో దంత వైద్యం చేసేవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. అయినా ప్రతిసారీ నాకు ఆ మరక కంటే ముందు ఆ నింద కనిపిస్తుంది.

నింద పుట్టేది మాటలోనే. గార అంటే గోడకు పూసే పూత. పంటికి గార పట్టింది అనగానే పైన ఏదో అంటుకుందని, గట్టిగా రుద్దితే పోతుందని అనిపిస్తుంది. అందుకే ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, బూడిద పెట్టి తోమిన నోళ్లు ఎన్నో చూశాను. ఆ రుద్దుడుకు మరక పోలేదు. పైనున్న మంచి పొర కాస్తా అరిగి, చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనే బాధ కొత్తగా వచ్చింది. తాగేనీటిలో కరిగి ఉండే ఫ్లోరైడ్ అనే పదార్థం ఎక్కువైతే వచ్చే ఈ లోపాన్ని ఫ్లోరోసిస్ అంటారు. ఈ రంగు పంటి లోపలిది. అది ఎప్పుడు, ఎలా లోపలికి వెళ్లిందో తెలిస్తే, ఒక పిల్ల పళ్లను చూసి ఆ ఊరి నీటి చరిత్రను ఏళ్లతో సహా చదవవచ్చు.

పంటి పైనున్న తెల్లటి గట్టి పొర ఎనామిల్. మన శరీరంలో దీన్ని మించిన గట్టి పదార్థం లేదు. దీన్ని కట్టే కణాలను అమీలోబ్లాస్టులు అంటారు. పన్ను ఇంకా దవడ ఎముకలో ఉండగానే ఇవి ముందు ప్రోటీన్లతో ఒక మెత్తటి అచ్చు పోస్తాయి. తర్వాత ఆ ప్రోటీన్లను ఎంజైములతో కరిగించి బయటికి తీసేస్తూ, ఖాళీ అయిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ స్ఫటికాలు లావెక్కేలా చేస్తాయి. వరి కంకి పాలు పోసుకుని గింజ గట్టిపడే దశ ఎలాంటిదో, ఇది అలాంటిది. ఆ దశలో ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ప్రోటీన్లు తొలగడం ఆలస్యమవుతుంది. స్ఫటికాలు నిండుగా పెరగవు. ఫలితం తాలుగింజ: పైపొట్టు బాగానే ఉంటుంది, లోపల నిండి ఉండదు. ఇలాంటి పంటిని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే సరిగ్గా ఇదే కనబడుతుంది. పైన సన్నటి గట్టి పొర, దాని కింద సూక్ష్మమైన రంధ్రాలతో బోలుగా ఉన్న ఎనామిల్.

పన్ను చిగురు దాటి బయటికి వచ్చాక అమీలోబ్లాస్టులు మిగలవు. ఎముక విరిగితే అతుకుతుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్‌ను మళ్లీ కట్టే కణం మాత్రం ఒంట్లో ఎక్కడా ఉండదు. చిన్నప్పుడు పడిన లోటు ముసలితనం దాకా అలాగే ఉండిపోయేది ఇందుకే.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఫ్లోరోసిస్ పన్ను గోధుమ రంగుతో పుట్టదు. బోలు ఎనామిల్ వెలుతురును చెదరగొడుతుంది కాబట్టి మొదట సుద్దముక్కలా, కాంతిలేని తెలుపుతో వస్తుంది. నోట్లోకి వచ్చాక, తిన్నవాటి, తాగినవాటి రంగులు ఆ రంధ్రాల్లోకి ఇంకి, ఏళ్లు గడిచేకొద్దీ పసుపై, గోధుమ రంగై, కొందరిలో నల్లబడుతుంది. "వచ్చినప్పుడు సున్నంలా తెల్లగానే ఉన్నాయి సార్, తర్వాతే ఇలా అయ్యాయి" అని తల్లులు చెప్పేది అక్షరాలా నిజం. "తర్వాతే అయ్యాయి" కాబట్టి పిల్ల నిర్లక్ష్యమే కారణమని వాళ్లు అనుకోవడంలోనూ వింత లేదు. రంగు తర్వాత వచ్చింది, రంధ్రం ముందే ఉంది.

పళ్ల మీద ప్రతి మరకా ఫ్లోరైడ్ వల్ల వచ్చింది కాదు. పొగాకు, గుట్కా, జర్దా మరకలు పళ్ల సందుల్లో, చిగురు అంచున పేరుకుంటాయి; పరికరంతో గీస్తే ఊడి వస్తాయి. పుచ్చు మొదలయ్యే ముందు వచ్చే తెల్లమచ్చ కూడా చిగురు అంచునే, పాచి నిలిచేచోటే పుడుతుంది. ఒక్క పన్ను మీదే మచ్చ ఉంటే, దాని పైనున్న పాలపన్నుకు చిన్నప్పుడు దెబ్బ తగిలిందా, చీము పట్టిందా అని అడగాలి. టెట్రాసైక్లిన్ మందుల రంగు బూడిద, పసుపు కలిసిన పట్టీల్లా ఉంటుంది. వంశపారంపర్యంగా ఎనామిల్ సరిగా ఏర్పడనివాళ్లలో పాలపళ్లు కూడా అంతే దెబ్బతింటాయి. ఫ్లోరోసిస్ తీరు వేరు: కుడివైపు పన్ను ఎలా ఉంటే ఎడమవైపు దాని జతపన్ను అలాగే ఉంటుంది, సన్నటి అడ్డగీతలు పంటి పెరుగుదల రేఖల వెంట పోతాయి, పాలపళ్లు చాలావరకు తప్పించుకుంటాయి. పాలపళ్ల ఎనామిల్‌లో ఎక్కువ భాగం తల్లి కడుపులోనూ పుట్టిన తొలి నెలల్లోనూ తయారవడం దీనికి ఒక కారణం. తల్లి ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఆమె పాలలోకి చేరేది అత్యల్పం. పసిబిడ్డకు ముప్పు నీళ్లు పట్టడంతో, గంజితో, బోరు నీళ్లలో కలిపిన డబ్బా పాలతో మొదలవుతుంది. మారుమూల పల్లెలో ఏ ఖర్చూ లేకుండా దొరికే అతి పెద్ద రక్షణ తల్లిపాలేనని నేను ప్రతి గర్భిణికీ చెబుతాను.

నల్లగొండ నేలలో ఇంత ఫ్లోరైడ్ ఎందుకుంది? మన కాళ్ల కింద ఉన్నవి గ్రానైటు, నీస్ రాళ్లు. వాటిలోని బయోటైటు, అపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఇంకిన కొద్దిపాటి నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఆ ఖనిజాలను కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగిపోయేది. ఇక్కడి భూగర్భజలంలో కాల్షియం చాలావరకు సున్నపు గుళ్లుగా నేలలోనే గట్టిపడిపోయి, నీరు క్షారగుణంతో మిగులుతుంది. ఫ్లోరైడ్‌ను ఆపేది ఇక ఏదీ లేదు. ఇందులో ఒక ఘోరమైన మోసం దాగి ఉంది. ఇలాంటి నీరు తరచు ఉప్పగా ఉండదు, పప్పు చక్కగా ఉడుకుతుంది. ఊరంతా "మంచినీళ్ల బోరు" అని పేరు పెట్టుకున్నదే ఊరి పిల్లల పళ్లు తినేసిన సందర్భాలు ఉన్నాయి. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. ఒకే ఊళ్లో ఈ బోరుకూ ఆ బోరుకూ పొంతన ఉండదు. పాత చేదబావులు ఎండి, బోర్లు లోతుకు దిగేకొద్దీ పరిస్థితి ఇంకా విషమించింది. వాయిళ్లపల్లి పరీవాహక ప్రాంతంలో జరిపిన అధ్యయనంలో లీటరుకు 7 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు కూడా దొరికాయి.

అది ఎంత ఎక్కువో ఒక లెక్క చూద్దాం. భారత ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితీ 1.5 మిల్లీగ్రాములే. ఎదిగే పిల్లలకు కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని పోషకాహార శాస్త్రవేత్తలు గీసిన గీత. రెండేళ్ల పిల్ల పన్నెండు కిలోలు ఉందనుకుంటే ఆ గీత 1.2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు, అన్నంలో పప్పులో ఇగిరినవి కూడా కలుపుకుని, రోజుకు ఒక లీటరు లోపలికి వెళితే గీతకు మూడు రెట్లు దాటినట్టే. చలిదేశంలో ఒక లీటరుతో సరిపెట్టుకునే మనిషి మన మే నెల ఎండలో నాలుగైదు లీటర్లు తాగుతాడు. పరిమితిని లీటరుకు రాస్తారు, ఒళ్లు మాత్రం మొత్తం మిల్లీగ్రాములను లెక్కపెట్టుకుంటుంది. ఎండ ఎక్కువున్న చోట నీటిలో అనుమతించే ఫ్లోరైడ్ తక్కువగా ఉండాలని 1950లలోనే పరిశోధకులు సూత్రం కట్టి చూపించారు.

అలాంటప్పుడు టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఎందుకు కలుపుతారు? నల్లగొండలో ఈ ప్రశ్న అడగని తల్లి ఉండదు. బయటికి వచ్చేసిన పంటి ఉపరితలం మీద ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే, నోటిలోని ఆమ్లం కరిగించిన ఖనిజం తిరిగి చేరడానికి అది సాయపడుతుంది. మామూలు ఎనామిల్ pH 5.5 దగ్గరే (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం దాదాపు 4.5 దాకా తట్టుకుంటుంది. అంటే మేలు పంటి పైన తగిలితే, కీడు పన్ను తయారయ్యే వయసులో మింగితే. పేస్టు పనిచేసేది పైనుంచి. ఉమ్మేయడం రాని పిల్లలు దాన్ని మింగేస్తే మాత్రం బోరు నీటి లెక్కకు అదనంగా చేరుతుంది. మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల లోపు బఠానీగింజంత చాలు, పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉమ్మించాలి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లకు పేస్టు వల్ల కొత్తగా ఫ్లోరోసిస్ మచ్చ రాదు. జ్ఞానదంతం ఒక్కటి తప్ప అప్పటికి అన్ని పళ్ల పైభాగాలూ కట్టడం పూర్తవుతుంది. ఫ్లోరోసిస్ బాగా ముదిరిన పళ్లకు పుచ్చు రాదనుకోవడం కూడా పొరపాటే. ఎనామిల్ గుంటలు పడి పెళుసుగా రాలిపోయిన పన్ను పుచ్చుకు సులువుగా లొంగుతుంది.

తెలుగు నేల మీద ఈ వ్యాధిని మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, షార్ట్ అనే వైద్యుడి బృందం. 1945లో దావర్, 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి వైద్య పత్రికల్లో రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇక్కడి యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే వికారాన్ని ప్రపంచం ముందు పెట్టారు. జొన్నలు తినేవాళ్ల ఒంట్లో, వరి తినేవాళ్ల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ నిలిచిపోతుందని ఆ సంస్థే తేల్చింది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని తర్వాత అక్కడే కనుగొన్నారు. మన పులుసుకు ఇంత విలువ ఉందని చదివినప్పుడు నేను నిజంగా సంతోషించాను. అయితే ఏర్పడిపోయిన పంటి మచ్చను చింతపండు చెరపలేదు, చెడ్డ నీటికి అది బదులూ కాదు.

ఎముకల ఫ్లోరోసిస్ గురించి ఒక్క మాట. పంటి మచ్చ ఉన్న ప్రతివాళ్లకూ నడుము వంగిపోదు. అది ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు ఒంట్లో చేరితే, పెద్దవాళ్లకు కూడా వచ్చే వేరే దశ. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఆ దశను పసితనం నుంచే మోసి, ఆ శరీరంతోనే ఊరూరా, ఢిల్లీ దాకా వెళ్లి నీళ్ల కోసం పోరాడాడు. 2023 జనవరిలో కన్నుమూశాడు. కృష్ణా నీళ్ల కోసం దుశ్చర్ల సత్యనారాయణ, జల సాధన సమితి చేసిన ఉద్యమం కూడా ఈ పళ్ల కథలో భాగమే.

నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే వాడుతుంది. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తిప్పి, తేరనిచ్చి పైనీళ్లు తీసుకుంటారు. సూత్రం సులభం, ఖర్చు తక్కువ. కానీ ఒక్కో నీటికి మోతాదు మారుతుంది, అడుగున చేరిన మడ్డిని రోజూ పారేయాలి, లెక్క తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది. నిలబడి చూసుకునే మనిషి లేనిచోట అది నడవలేదు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయేది నీరు మాత్రమే కాబట్టి మిగిలినదానిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. వడపోత గుడ్డ, కొవ్వొత్తి ఫిల్టర్ కూడా పనికిరావు. ఆర్‌ఓ యంత్రం తీసేస్తుంది. అన్నిటికంటే మేలైనది వేరే నీరు, అంటే నది నీరు.

ఆ నీరు వచ్చింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన తాగునీటి పథకం, తర్వాత మిషన్ భగీరథగా, శుద్ధి చేసిన నీటిని ఇంటింటికీ తెచ్చింది. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసం ఒక్కటీ మిగల్లేదని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అది కొళాయిల లెక్క. నోటి లెక్క వేరేగా తీయాలి, దానికి సమయం సరిగ్గా ఇప్పుడే వచ్చింది.

ఎందుకో చెప్పడానికి వందేళ్ల కిందటి ఒక చిన్న ఊరిదాకా వెళ్లాలి. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే దంత వైద్యుడు, అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు చూసి కారణం వెతకడానికి ముప్పయ్యేళ్లు వెచ్చించాడు. పందిమాంసం ఎక్కువ తింటారని, పాలు మంచివి కావని ఊరివాళ్లు ఏవేవో చెప్పేవారు. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరికి అతన్ని పిలిచారు. దూరపు వేడినీటి ఊట నుంచి గొట్టం వేసుకున్నాకే పిల్లల పళ్లు ఇలా అవుతున్నాయని తల్లులు గమనించారు. మెకే సలహాపై ఊరు ఆ గొట్టాన్ని వదిలి వేరే ఊట నీటికి మారింది. కొన్నేళ్లకు, ఆ తర్వాత పళ్లు ఏర్పడిన పిల్లల్లో మచ్చల్లేని పళ్లు వచ్చాయి. ఆ నీటిలో ఉన్నది ఫ్లోరైడ్ అని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చేదాకా ఎవరికీ తెలియదు. కారణం పేరు తెలియకముందే నివారణ దొరికింది, రుజువు పిల్లల పళ్లే ఇచ్చాయి.

మన దగ్గర ఆ రుజువు ఇలా చదవాలి. పై ముందుపళ్ల ఎనామిల్ పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగైదేళ్ల దాకా కట్టుకుంటుంది. దాదాపు ఒకటిన్నర నుంచి రెండున్నర ఏళ్ల మధ్యకాలం అతి సున్నితమైనదిగా పరిశోధకులు గుర్తించారు. అవి బయటికి వచ్చేది ఏడెనిమిదేళ్లకు. అంటే 2018లో పుట్టిన పిల్ల తాగిన నీరు ఎలాంటిదో ముందుపళ్లు చెప్పేది 2025, 2026లో. కోరపళ్ల వెనుకనున్న చిన్న దవడపళ్లు, రెండో పెద్ద దవడపళ్లు ఇంకా ఆలస్యంగా, ఆరు నుంచి ఎనిమిదేళ్ల దాకా కట్టుకుని, పది నుంచి పదమూడేళ్ల మధ్య వస్తాయి. నీరు మారకుండా ఉన్న ఊళ్లలో ఈ వెనుకపళ్లే ముందుపళ్ల కంటే ఎక్కువ దెబ్బతింటాయి. దీనికి తలకిందులుగా, ముందుపళ్లు గోధుమ రంగులో, వెనుకపళ్లు తేటగా కనబడితే, ఆ పిల్ల బాల్యం మధ్యలో నీరు మారిందన్నమాట. నా ఎదుట కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల బుగ్గను అద్దంతో పక్కకు జరిపి చూస్తే కొత్తగా వచ్చిన చిన్న దవడపళ్లు తెల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఊళ్లోకి కొళాయి ఎప్పుడు వచ్చిందని తల్లిని అడిగాను. "ఇది అంగన్‌వాడీకి పోయేటప్పుడు" అంది.

నార్కెట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఒక్కో ఊరి బడిలో రెండో తరగతి, ఏడో తరగతి పిల్లల పళ్లను డీన్ సూచికతో నమోదు చేస్తే చాలు. 1934లో డీన్ అనే అమెరికా దంత వైద్యుడు రూపొందించి, 1942లో సవరించిన ఈ సూచికలో మామూలు, అనుమానాస్పదం, అతి స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని ఆరు మెట్లుంటాయి. ప్రతి పిల్లకూ మెట్టును బట్టి అంకె ఇచ్చి సగటు తీస్తే, అది 0.6 దాటిన ఊరికి సమస్య ఉన్నట్టు. ఒక చిన్న అద్దం, పగటి వెలుతురు, ఓపిక ఉన్న మనిషి, ఇంతకంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. పుట్టిన ఏడు, తొలి ఎనిమిదేళ్లు ఉన్న ఊరు, బడిలో తాగిన నీరు, పొలం దగ్గర తాగిన నీరు అడిగి రాసుకోవాలి. చివరి ప్రశ్నను వదిలేస్తే మిగతా లెక్కంతా తప్పుతుంది. ఇంట్లో కొళాయి ఉన్నా, నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు చంకలో బిడ్డతో వెళ్లిన తల్లి తాగేదీ తాగించేదీ చేను బోరు నీరే.

మచ్చ పడిన పళ్లకు ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను. స్వల్పంగా ఉంటే ఏమీ చేయకపోవడమే మంచిది. కాస్త ఎక్కువుంటే పలుచటి ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపి పైపొరను అతి సన్నగా అరగదీసే పద్ధతి ఉంది. బోలు రంధ్రాల్లోకి రెసిన్ ఇంకించే పద్ధతి ఉంది. గుంటలు పడితే పంటిరంగు ఫిల్లింగు, ఇంకా ముదిరితే పింగాణీ తొడుగు. ఏ పేస్టూ, ఏ పొడీ ఈ మరకను తీయదు. అలా తీస్తామని అమ్మేవాళ్ల మాట నమ్మవద్దు.

ఆ పిల్లకు రెండు ముందుపళ్ల మీద పైపొర మచ్చ తగ్గించాను. అద్దంలో చూసుకుని ఈసారి చేయి అడ్డం పెట్టుకోలేదు. ఇన్నేళ్లు తిట్టినందుకు తల్లి కళ్లు తుడుచుకుంది. ఆమె కొంగు పట్టుకుని ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు, ఈ పిల్ల తమ్ముడు, ఆరేళ్లు నిండాయి. పై ముందుపళ్లు రెండూ ఊడి, ఆ చోట లేత చిగురు ఉబ్బి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో కొళాయి నీళ్లే. చేను దగ్గర? "అక్కడ మాత్రం బోరే సార్" అంది తల్లి, గొంతు తగ్గించి. చేనుకు వెళ్లేటప్పుడు ఇంటి నుంచి ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లమని చెప్పాను. ఆ రెండు పళ్లూ వచ్చే ఎండాకాలానికి బయటపడతాయి.